గిర్ర పెద్దదైతే బండి పెద్దదవుతుందా?

పోయిన యాసంగి కోతలప్పుడు కరీంనగర్ బైపాస్ మీద ఒక టైర్ల షాపు ముందు నిలబడ్డాను. నా బండికి పంచర్. పక్కనే కొత్త పికప్ ఒకటి జాకీల మీద లేచి ఉంది. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి ముందు కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడలేదు. కంపెనీ ఇచ్చిన నాలుగు టైర్లు విప్పి గోడకు ఆనించారు. కొత్త రబ్బరు మీద నిక్కబొడుచుకుని ఉండే పోగులైనా రాలలేదు వాటికి. వాటి స్థానంలో 31 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు ఉన్న టైర్లు ఎక్కుతున్నాయి. ఓనరు పాతికేళ్ల పిల్లగాడు. "గిదెందుకు తమ్మీ?" అన్నాను.

"లోడు మస్తు ఆపుతదన్నా. చూసేటందుకు గూడ జబర్దస్తుంటది."

షాపాయన పక్కనుంచి నవ్వుతూ తలూపాడు. ఆ నవ్వు చూసినప్పటినుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. ఇరవై ఏళ్లు పికప్ నడిపి, నడిపించి, నష్టపోయి, మళ్లీ నిలదొక్కుకున్నవాణ్ణి. ఈ రాత మర్యాదగా ఉండదు. ముందే చెప్తున్నా.

టైరు బరువు మోయదు. టైరు లోపలి గాలి మోస్తుంది. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి, అంతే. ఆ గాలి మోసిన బరువు డిస్కు మీదికి, డిస్కు నుంచి హబ్ మీదికి, అక్కణ్ణుంచి బేరింగులు, ఎక్సెల్, కమాన్ కట్టలు, చాసీ మీదికి పోతుంది. పిల్లగాడు మార్చింది మొదటి మెట్టు ఒక్కటే. ఎక్సెల్ లావు కాలేదు. కమాన్ కట్టలో ఒక్క పట్టీ పెరగలేదు. బ్రేకు డ్రమ్ము ఎంత ఉండేదో అంతే ఉంది. పేరులోనే 1.7 టన్నులని రాసి అమ్మిన బండికి ఏ టైరు వేసినా అది 1.7 టన్నుల బండే. బూట్ల సైజు పెంచితే కూలివాడు ఇంకో రెండు బస్తాలు ఎత్తుతాడా?

మన తాతలకు ఈ సంగతి తెలుసు. ఊళ్లో వడ్లాయన బండి గిర్ర చేసేటప్పుడు ముందు ఎడ్లను చూసేవాడు. ఎద్దు మూపురం ఎత్తు, కాడి ఎత్తు, నొగల వాలు చూసుకుని గిర్ర ఎత్తు తేల్చేవాడు. ఇష్టమొచ్చినట్టు గిర్ర పెంచితే నొగలు ముందుకు వంగి బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుందనీ, తగ్గిస్తే నొగలు పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుందనీ ఆయనకు ఏ ఇంజనీరింగ్ కాలేజీ చెప్పలేదు. ఆకులు ఎన్ని, కుండ ఎంత లావు, ఇరుసు ఎంత, పైన ఎక్కించే ఇనుప పట్టా ఎంత మందం, అన్నీ ఒకదానికొకటి లెక్క. ఒక్కటి మార్చితే అన్నీ మార్చాలి. "నా బండి గిర్ర పటేలు బండి గిర్రకంటే పెద్దగుండాలె" అని ఎవడన్నా వడ్లాయన దగ్గరికి పోతే, "ముందు ఎడ్లను మార్చుకరా పో బిడ్డా" అని పంపించేవాడు. ఇవాళ్టి టైర్ల షాపులో ఆ మాట అనేవాడు ఒక్కడు లేడు. అంటే బేరం పోతుంది కదా.

సరే, లెక్కే మాట్లాడుకుందాం. నా బండికి కంపెనీ ఇచ్చిన సైజు 215/75 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే డిస్కు వ్యాసం అంగుళాల్లో. కూడితే టైరు మొత్తం ఎత్తు 703 మిల్లీమీటర్లు. పిల్లగాడు వేయించిన 31 అంగుళాలంటే 787. పన్నెండు శాతం ఎక్కువ.

ఈ పన్నెండు శాతంతో ఏం వచ్చింది? బండి నేలనుంచి 42 మిల్లీమీటర్లు లేచింది. మూడు వేళ్లు కూడా కాదు. ఏం పోయింది? మీటరు 60 చూపిస్తుంటే బండి 67 మీద ఉరుకుతుంటుంది. వంద కిలోమీటర్లు తిరిగితే మీటరులో 89 పడుతుంది. కిలోమీటరుకింత అని కిరాయి మాట్లాడుకునేవాడు వందకు పది కిలోమీటర్లు ఊరికే తోలుతున్నాడన్నమాట, టైర్లకు వేలకు వేలు పోసి మరీ. లోడుతో ఎత్తెక్కేటప్పుడు చక్రం దగ్గర లాగే బలం పదో వంతు తగ్గుతుంది. పల్లెటూరి భాషలో చెప్పాలంటే, ప్రతి గేరూ కొంచెం పై గేరులా పనిచేస్తుంది. క్లచ్ కాలుతుంది, డీజిల్ తాగుతుంది.

ఇదంతా డబ్బుల నష్టం. పోనీయండి. ప్రాణం పోయే లెక్క వేరే ఉంది.

బ్రేకు చక్రాన్ని మధ్యలో పట్టుకుంటుంది, రోడ్డు అంచున పట్టుకుంటుంది. అంచు మధ్యకు ఎంత దూరమైతే అదే బ్రేకుకు అంత తక్కువ పట్టు. అదే పెడల్, అదే కాలు, ఆపే బలం మాత్రం పదిలో ఒక పాలు తక్కువ. ఇంజన్ బ్రేకు, అంటే గేరులో వేసి దించేటప్పుడు ఇంజన్ బండిని వెనక్కి పట్టే బలం, అదీ అంతే తగ్గుతుంది. మానేరు ఒడ్డున చదును రోడ్డు మీద ఇది తెలియదు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటులో తెలుస్తుంది. కెరమెరి ఘాటులో ఇంకా బాగా తెలుస్తుంది.

నాకు అక్కడే తెలిసింది. నేనూ ఒకప్పుడు ఆ పిల్లగాడినే. ఒక షాపాయన మాట విని రెండు సైజులు పెంచిన టైర్లు ఎక్కించాను. జైనూర్ నుంచి మక్కలు ఎత్తుకుని ఆసిఫాబాద్ దిక్కు దిగుతున్నాను. లోడు ఎంతని అడక్కండి, సిగ్గుపడే అంత. మూడో మలుపులో మాడు వాసన వచ్చింది. నాలుగో మలుపులో పెడల్ మెత్తబడింది, పత్తి మూట మీద కాలు పెట్టినట్టు. స్టీరింగ్ మొత్తం తిప్పేసరికి ముందు టైరు మడ్‌గార్డుకు రాసుకుని కీచుమంది. కొండ వైపు మట్టి గట్టుకు బండిని ఒరిపించి ఆపాను. క్లీనర్ పోరడు దిగి గుట్టకు దండం పెట్టాడు. నేను దిగి టైర్లను చూశాను. టైర్లకేం కాలేదు. నల్లగా, నిగనిగలాడుతూ, లావుగా బాగానే ఉన్నాయి. చచ్చేది మేమే.

ఘాట్ రోడ్డు అంటే మనకు కథ కాదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు దిగే రోడ్డు మీద కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. అది టైర్ల సైజు వల్ల జరిగిందని నేననడం లేదు. దిగుడు రోడ్డు మీద ఎక్కువ బరువు ఏం చేస్తుందో ఈ జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలుసు, తెలిసీ మరిచిపోతామంటున్నాను. అదే గుట్ట మీద నిమ్మకాయలు కట్టించుకుని కిందికి దిగి, నేరుగా టైర్ల షాపుకు పోయి, ఉన్న బ్రేకులో పదో వంతు తీయించుకునేవాణ్ణి ఆ అంజన్న ఎట్లా కాపాడాలి?

"లోడు కోసమే కదన్నా పెద్ద టైరు" అనేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. టైరు పక్కగోడ మీద సైజు పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఎవడూ చదవడు. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 105 అయితే 925. 106 అయితే 950. దాని పక్క అక్షరం వేగానికి. క్యూ అంటే గంటకు 160, ఎస్ అంటే 180. ఇప్పుడు చూడండి తమాషా. ఒకే 215/75 ఆర్15 సైజులో కారు రకం టైరుకు 100 ఉంటుంది. ఎల్టీ, అంటే లైట్ ట్రక్ రకంలో బలమైనదానికి 106 ఉంటుంది. ఒక్కో టైరుకు 150 కిలోల తేడా, నాలుగింటికి 600 కిలోలు. సైజు అదే, ఎత్తు అదే, కంటికి రెండూ ఒక్కటే. షాపాయన "సేమ్ సైజు, రేటు తక్కువ" అని కారు టైరు అంటగడితే మీరు 600 కిలోలు పోగొట్టుకుని ఇంటికొస్తారు.

ఇంకోటి. 235/75 ఆర్15 కారు రకం, దాని అంకె 105. చూడ్డానికి పెద్దది. అమెరికాలో రూలేమిటంటే, కారు టైరును ట్రక్కుకు వేస్తే అది మోసే బరువును 1.1తో భాగించి తక్కువగా లెక్కించాలి. భాగిస్తే 841 కిలోలు. చిన్నగా కనిపించే ఎల్టీ 215 టైరు మాత్రం 950 కిలోలు మోస్తుంది. పెద్దది తక్కువ మోసి, చిన్నది ఎక్కువ మోస్తోంది! ఈ ముక్క చెప్పని షాపుకు బోర్డు మీద "నమ్మకానికి మారుపేరు" అని రాసుకునే హక్కెక్కడిది?

అమెరికా అన్నాను కదా, అక్కడి ముచ్చటొకటి. డాలస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలు పర్వతమంత పికప్‌ల పక్కన నిలబడి వీడియోలు పెడితే, ఇక్కడ హుజూరాబాద్‌లో ఫోను చూసుకుంటూ మనవాడు ఉడికిపోతాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఆ బండ్లు నెలకు ఇరవై తొమ్మిది రోజులు ఖాళీగా తిరుగుతాయి నాయనా. వెనక డాలాలో ఉండేది ఒక కూలర్ డబ్బా. అదే దేశంలో 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంది. చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకున్నవి. పరుగులో టైరు పైపొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. పోయినవాళ్లు 250 మందికి పైనే. టైర్ల తయారీ లోపమని బండి కంపెనీ, బండే తూలుతుందని టైర్ల కంపెనీ తన్నుకున్నాయి. ఆ తగువులో ఒక పెద్ద ముక్క గాలి. ఫోర్డ్ 26 పౌండ్లు పెట్టమంది, ఫైర్‌స్టోన్ 30 అంది. నాలుగు పౌండ్ల గాలి మీద అంత రచ్చ. గాలి తగ్గితే పక్కగోడ వంగి వంగి వేడెక్కుతుంది, లోడూ ఎండా కలిస్తే పొరలు విడిపోతాయి. ఆ తర్వాతే అక్కడ కొత్త కార్లలో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అప్పుడు వెనక్కి తీసుకున్న టైర్ల సైజు ఏమిటో తెలుసా? 235/75 ఆర్15. ఇవాళ మన షాపుల్లో "ఒక సైజు అప్ చేద్దామన్నా" అంటూ ఎక్కించేది అదే. సైజు పాపం చేయలేదు, నిజమే. కానీ మనవాడు పెద్ద టైరు వేయించి, "దడదడ ఎక్కువైంది, కొంచెం గాలి తియ్" అంటాడు చూశారూ, అక్కడ ఆ పాత కథ మళ్లీ మొదలవుతుంది. రామగుండం, మంచిర్యాలల్లో మే నెల ఎండ 45 దాటే చోట.

ఇక అల్లాయ్‌ల జాతర. వీళ్లు లోడువాళ్లు కాదు, షోకువాళ్లు. కాంట్రాక్టర్లు, నాయకుడి వెనక తిరిగే నాయకులు. ఇసుజు వీ-క్రాస్ బండి మన శ్రీసిటీలో తయారవుతుంది, మొదట్లో 245/70 ఆర్16 టైర్లతో వచ్చింది. దాని పక్కగోడ 171 మిల్లీమీటర్లు. గుంతలో పడితే దెబ్బ తినేది ఆ రబ్బరు గోడ, ఆ తర్వాతే డిస్కు. దాన్ని పీకేసి 20 అంగుళాల అల్లాయ్, 265/50 టైరు వేస్తే గోడ 132కు దిగుతుంది. నాలుగు సెంటీమీటర్ల మెత్తదనం అమ్ముకుని మెరుపు కొనుక్కున్నాడు. ఉట్నూరు, తిర్యాణి లోపలి రోడ్ల మీద ఆ అల్లాయ్ పగిలితే ఎక్కడ దొరుకుతుంది? మామూలు ఇనుప డిస్కు సొట్టపడితే పంచర్ షాపాయన సుత్తితో నాలుగు కొట్టి పంపుతాడు. వాయిదాలు రెండు నెలలు వెనకబడ్డాయి, అల్లాయ్‌లకు లక్ష పెట్టాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

వెడల్పు టైరు బురదలో బాగా పోతుందనేది ఇంకో పుకారు. ఆదిలాబాద్ నల్లరేగడిలో వానాకాలం నడిపినవాణ్ణి అడగండి. వెడల్పు టైరుకు మట్టి బొంతలా చుట్టుకుంటుంది, మడ్‌గార్డు సందు నిండి చక్రం బిగుసుకుంటుంది. తారు రోడ్డు మీద నీళ్లు నిలిస్తే వెడల్పు టైరు తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ పోతుంది. ఇసుకలో మాత్రం వెడల్పు మేలే. మనం నడిపేది రాజస్థాన్‌లోనా?

చట్టం సంగతి చెప్పకపోతే మళ్లీ వకీళ్లు కోప్పడతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. అధిక లోడుకు 20,000, పైన టన్నుకు 2,000. రాత బాగుంది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రోజున పాత టైర్లు బిగించుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు పోయి, సాయంత్రానికి మళ్లీ పెద్ద టైర్లు ఎక్కించుకున్న బండ్లను నా కళ్లతో చూశాను.

ఇంతదాకా ఆ పిల్లగాణ్ణి తిట్టాను. వాడి మీద నాకు కోపం పావు వంతే. ముప్పావు ఎవరి మీదో చెప్తా.

వాడు పెద్ద టైరు ఎందుకు కోరుకున్నాడు? లోడు ఆపాలి. లోడు ఎందుకు? కిరాయి ట్రిప్పుకింత అని మాట్లాడతారు కాబట్టి, క్వింటాలుకింత అని కాదు. వడ్ల బస్తా 40 కిలోలు. 1.7 టన్నుల బండికి న్యాయంగా 42 బస్తాలు. "75 ఎయ్యి, రెండు ట్రిప్పులు ఎవడిస్తడు?" అంటాడు వ్యాపారి. 75 బస్తాలంటే మూడు టన్నులు. కాదంటే అడ్డా మీద ఇంకో పది బండ్లు నిలబడి ఉన్నాయి, అందరికీ వాయిదాలున్నాయి. ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక బండి కుంగుతుంది, భయమేస్తుంది. ఆ భయానికి మందుగా షాపాయన పెద్ద టైరు అమ్ముతాడు. తప్పు చేయించినవాడు ఒకడు, దాన్ని దాచే ముసుగు అమ్మినవాడు ఇంకొకడు, ఘాటులో పోయేవాడు మూడోవాడు.

అన్నిటికంటే మండేది ఇదీ. ఈ నేరానికి సాక్ష్యం కరువు లేదు. మిల్లు గేటు దగ్గర, జిన్నింగు గేటు దగ్గర, క్వారీ గేటు దగ్గర కాంటా ఉంటుంది. బండి ఎక్కుతుంది, మొత్తం బరువు కిలోల్లో అచ్చై చిట్టీ వస్తుంది. తేదీ, టైము, బండి నంబరు, బరువు, అన్నీ దాని మీదే. బండి ఎంత అధికంగా మోసిందో వేసినవాడికి తెలుసు, దించుకున్నవాడికి తెలుసు, కంప్యూటరుకు తెలుసు. తరుగు పేరు చెప్పి రైతు బస్తాలో కిలోలు కోసేటప్పుడు ఆ కాంటాను వేదవాక్కులా చూపిస్తారు. పత్తిలో తేమ 8 శాతం దాటితే పైసలు తగ్గిస్తారు, 12 దాటితే కొనం పొమ్మంటారు. పత్తిలో నీళ్లను అంత సూక్ష్మంగా కొలిచే మనకు బండి మీద టన్నుంపావు అధికంగా ఉన్నది కనబడదా? తిరిగిన యార్డుల్లో తేమ మీటర్లు చాలా చూశాను. బండ్ల టైర్లలో గాలి కొలిచే మీటరు నాకు ఒక్కచోటా కనిపించలేదు.

కాంటా పెట్టుకున్న సేట్లకు, యార్డు పెద్దలకు నేనడిగేది పెద్ద పనేం కాదు. చిట్టీ మీద ఇంకో గీత వేయండి. ఆర్సీలో బండికి రాసిన మొత్తం బరువు ఎంత, కాంటా మీద తేలింది ఎంత, పక్కపక్కన అచ్చు కొట్టండి. కిరాయి క్వింటాలుకు కట్టండి. ఆ రోజు నుంచి ఒక్క పిల్లగాడు లోడు కోసం పెద్ద టైరు అడిగితే నన్నడగండి.

బండి ఉన్నవాళ్లకు ఒక మాట. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీదో, లేదా కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో సైజు, గాలి రాసి ఉంటాయి. అదే బండికి కంపెనీ ఒప్పుకున్న వేరే సైజులుంటే అవీ దాంట్లోనే ఉంటాయి. వాటిలోంచి ఎంచుకోండి, షాపాయన ఫోనులోంచి కాదు. ఎల్టీ ఉందా, లోడు అంకె పాతదానికి తక్కువ కాకుండా ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు వారం, సంవత్సరం: 2319 అని ఉంటే 2019లో 23వ వారం టైరు, కొత్తదని అంటగడితే తీసుకోకండి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలిపించండి. స్టెప్నీకి కూడా.

ఆ రోజు షాపులో గోడకు ఆనించిన నాలుగు టైర్లను నేనే కొన్నాను, సగం ధరకు. 215/75 ఆర్15, ఎల్టీ, 106. మొన్న మక్కల సీజన్లో అవే కెరమెరి ఘాటు దిగాయి, టన్నున్నర లోడుతో.